మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1861 సెప్టెంబరు 15 - 1962 ఏప్రిల్) భారతదేశపు సుప్రసిద్ధ ఇంజనీరు, పరిపాలకుడు, మైసూరు సంస్థానపు దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిర్మాతగా, హైదరాబాదు నగరాన్ని మూసీ వరదల నుండి కాపాడే పథకానికి రూపకర్తగా ఇతడు తెలుగువారికి చిరపరిచితుడు. ఇతని జీవితంలో అంతగా ప్రచారం పొందని పార్శ్వం మరొకటి ఉంది. ఉన్న వనరు ఎంతో ముందుగా లెక్కగట్టి, ఏ పని తరువాత ఏ పని జరగాలో, దేనికి ఎంత కాలం పడుతుందో నిర్ణయించుకొని, ఆ తరువాతనే పనికి పూనుకోవాలన్నది ఇతని సిద్ధాంతం. ఈ పద్ధతిని మొదట కాలువ నీటికి, పిదప కర్మాగారానికి, చివరకు దేశ ఆర్థిక వ్యవస్థకు వర్తింపజేయడానికి ఇతడు ప్రయత్నించాడు. అందుచేత భారతదేశంలో ఉత్పత్తి ప్రణాళిక గురించి ఆలోచించిన తొలితరం వారిలో ఇతనిని ఒకనిగా చెప్పవచ్చు.

బాల్యము, విద్యాభ్యాసము

విశ్వేశ్వరయ్య నేటి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం సమీపాన ఉన్న ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించాడు. జన్మ సంవత్సరం కొన్ని గ్రంథాలలో 1860గా కనిపిస్తుంది. భారత తపాలా శాఖ ఇతని శతజయంతి తపాలా బిళ్ళను 1960 సెప్టెంబరు 15న విడుదల చేసింది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరిది తెలుగు బ్రాహ్మణ కుటుంబం. పూర్వీకుల స్వస్థలం ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. కొన్ని తరాలకు పూర్వమే వారు మైసూరు సీమకు తరలిపోయినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది.

బాల్యంలోనే తండ్రి మరణించాడు. ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురంలో ముగించుకొని, మేనమామ ఆదరణతో బెంగుళూరులో చదువు కొనసాగించాడు. పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందాడు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూణే వెళ్ళి సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివాడు. 1883లో ఎల్.సి.ఇ. పరీక్షలో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడై జేమ్స్ బర్క్‌లీ బహుమతి గెలుచుకొన్నాడు.

బొంబాయి ప్రభుత్వ సేవలో

1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నాసిక్‌లో చేరాడు. ఖాందేశ్ ప్రాంతంలో తాగునీటి పనులు చేశాడు. 1890ల మధ్యలో సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణపు నీటి సరఫరా బాధ్యతను ఇతనికి అప్పగించారు. నది నీరు ఇసుకతో, ఒండ్రుతో మడ్డిగా ఉండేది. వడపోత తొట్లు కట్టడానికి పురపాలక సంఘం వద్ద తగిన ధనం లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా సహజంగా వడకట్టబడిన నీటిని పట్టణానికి అందించాడు. కొత్త ఖర్చుకు పోకముందే అందుబాటులో ఉన్నది ఏమిటో పరిశీలించడం ఇతని అలవాటు. అది ఈ పనితోనే తేటపడింది.

1898లో ఇతడు జపాను సందర్శించాడు. వ్యవసాయ దేశంగా ఉన్న జపాను ఒక్క తరంలోనే పారిశ్రామిక దేశంగా మారిన తీరు, అక్కడి సాంకేతిక విద్య ఇతనిపై గాఢమైన ముద్ర వేశాయి. తరువాతి కాలపు ఇతని పారిశ్రామిక భావాలకు మూలం ఇక్కడ కనిపిస్తుంది.

బ్లాకు పద్ధతి

పూణే ప్రాంతపు నీటిపారుదల పనులు చూస్తున్నప్పుడు 1899లో విశ్వేశ్వరయ్య దక్కను కాలువల కింద బ్లాకు పద్ధతిని ప్రతిపాదించాడు. నీరా కాలువ కింద ఆనాటి పరిస్థితి ఇది: కాలువ మొదట్లో ఉన్న రైతులు తమ పొలాలన్నింటిలో చెరకు వేసి విస్తారంగా నీరు వాడుకొనేవారు. చివరి గ్రామాలకు నీరు అందేది కాదు. మొదట్లోని భూములేమో నీరు నిలిచి చవుడుబారిపోయేవి. ఏ రైతు ఏ పంటకు ఎంత నీరు అడుగుతాడో ముందుగా తెలియదు కనుక అధికారులకు కూడ లెక్క కుదిరేది కాదు.

కొత్త పద్ధతిలో ప్రతి గ్రామంలోను మురుగు సక్రమంగా పోయే మంచి నేలలను ఎంచి, వాటిని బ్లాకులుగా విభజించారు. ఒక్కొక్క బ్లాకులో సుమారు మూడవ వంతు భూమిలోనే చెరకు వేయాలి. మిగిలిన భూమిలో తక్కువ నీటితో పండే పంటలు వేయాలి. పంటలు ఏటేటా చోటు మారుతూ ఉంటాయి. ఇందుకు ప్రతిగా ప్రభుత్వం ఆ బ్లాకుకు కొన్ని సంవత్సరాల పాటు నీటిని హామీగా ఇచ్చి, నిర్ణీత దినాలలో వంతు ప్రకారం వదులుతుంది. ఈ ఏర్పాటు వల్ల అదే నీరు ఎక్కువ గ్రామాలకు అందింది. నీరు ఏ రోజున వస్తుందో తెలిసిన రైతు తన దుక్కి, ఎరువు, కూలీల పని దానికి తగినట్లు అమర్చుకోగలిగాడు.

వంతుల వారీగా నీరు పారించుకోవడం తెలుగునాట కొత్త విషయం కాదు. తెలకపల్లి, నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతాల చెరువుల కింద నీరడి తూము విప్పి, పొలం వెంట పొలానికి నీరు పంచడం తరతరాల ఆచారం. గద్వాల ప్రాంతంలోని రాజోలిబండ మళ్ళింపు పథకం వంటి పెద్ద కాలువల కింద వారబందీ అనే మాట కూడ రైతులకు తెలిసినదే. చిన్న చెరువు కింద ఊరివారి కట్టుబాటు నీటి పంపకాన్ని నడిపిస్తుంది. అనేక గ్రామాల గుండా మైళ్ళ కొద్దీ పారే కాలువకు అటువంటి కట్టుబాటు చాలదు. దానికి ముందుగా వేసిన లెక్క, వ్రాసుకొన్న ఒప్పందం, తప్పని తేదీలు కావాలి. బ్లాకు పద్ధతి వీటిని సమకూర్చింది. మొదట్లో రైతులు దీనిని తమ స్వేచ్ఛకు భంగంగా భావించి వ్యతిరేకించారు. విశ్వేశ్వరయ్య వారితో సమావేశమై, సందేహాలు తీర్చి ఒప్పించాడు. 1901లో ఏర్పడిన భారత నీటిపారుదల సంఘం ఎదుట కూడ ఈ పద్ధతిని వివరించాడు.

స్వయంచాలక వరద తలుపులు

పూణే సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయంలో నీటి నిల్వ చాలేది కాదు. ఆనకట్ట ఎత్తు పెంచాలంటే పాత గోడ ఆ ఒత్తిడికి నిలుస్తుందో లేదోనన్న సందేహం ఉండేది. విశ్వేశ్వరయ్య గోడ ఎత్తు పెంచకుండా, మిగులు నీరు పొర్లిపోయే మత్తడిపై స్వయంచాలక తలుపులను అమర్చాడు. నీరు నిర్ణీత మట్టం దాటగానే ఈ తలుపులు వాటంతటవే తెరుచుకొని, వరద తగ్గగానే మూసుకొంటాయి. 1903లో అమర్చిన ఈ తలుపులకు ఇతడు పేటెంటు పొందాడు. తరువాత గ్వాలియరు సమీపంలోని తిగ్రా ఆనకట్టకు, కృష్ణరాజసాగర్‌కు కూడ ఈ విధానాన్ని వాడారు. 1906లో ఏడెన్ నగరపు నీటి సరఫరా, మురుగునీటి పథకాలపై నివేదిక ఇచ్చాడు. 1908లో బొంబాయి ప్రభుత్వ సేవ నుండి స్వచ్ఛందంగా విరమించుకొన్నాడు.

హైదరాబాదు - మూసీ వరదలు

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాదు నగరం అతలాకుతలమైంది. వేలాది మంది మరణించారు. విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం సలహాదారుగా ఆహ్వానించింది. 1909లో ఇతడు హైదరాబాదు చేరుకొని, వర్షపాతపు లెక్కలను, నది పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించాడు. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 చెరువులు ఆనాడు తెగిపోయాయని లెక్క తేలింది. తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. ఈ విధంగా ఒకదాని వెంట ఒకటి తెగడంతో నగరంపై ఒక్కసారిగా పడిన నీటి పరిమాణం అంతకంతకూ పెరిగింది.

నగరంలో ఎత్తైన కరకట్టలు కట్టినంత మాత్రాన ప్రయోజనం లేదని, వరదను నగరానికి ఎగువనే ఆపి నెమ్మదిగా వదలాలని విశ్వేశ్వరయ్య సూచించాడు. ఈ సూచన ప్రకారం మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట చెరువు), ఈసీ నదిపై హిమాయత్ సాగర్ జలాశయాలను నిర్మించారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. వరద నివారణకు తలపెట్టిన ఈ జలాశయాలు నగరానికి తాగునీరు కూడ అందించాయి. మురుగునీటి పారుదల, నదీతీరంలో ఉద్యానవనాలు కూడ ఇతని సూచనలలో ఉన్నాయి. 1920లలో, 1930లో కూడ ఇతడు హైదరాబాదు వచ్చి సలహాలు ఇచ్చాడు.

మైసూరు చీఫ్ ఇంజనీరు - కృష్ణరాజసాగర్

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు పదవిని చేపట్టాడు. మైసూరులో శివసముద్రం వద్ద 1902 నుండి కావేరి జలంతో విద్యుత్తు ఉత్పత్తి అవుతూ, సుమారు 92 మైళ్ళ దూరంలోని కోలారు బంగారు గనులకు సరఫరా అయ్యేది. వేసవిలో నది పలుచబడినప్పుడు విద్యుత్తు తగ్గిపోయేది. గనులకు నిలకడగా విద్యుత్తు ఇవ్వడానికి, మండ్య ప్రాంతానికి సాగునీరు అందించడానికి కన్నంబాడి వద్ద జలాశయం అవసరమయింది. ఆనకట్ట పనులు 1911లో ప్రారంభమైనవి.

ఈ నిర్మాణంలో కాలమే పెద్ద సమస్య. కావేరికి జూన్ నెలలో వరద మొదలవుతుంది. వరద తగ్గే వరకు నదీగర్భంలో పని సాగదు. కాబట్టి ప్రతి సంవత్సరం దొరికే కొద్ది నెలలలోనే, రాబోయే వరదకు తట్టుకొనే ఎత్తు వరకు కట్టడాన్ని తీసుకొని రావాలి. గనులకు అదనపు విద్యుత్తు 1915 మధ్య నాటికి అందించవలసి ఉంది. ఈ గడువు నుండి వెనుకకు లెక్కించుకొంటూ ప్రతి పనికాలంలో ఎంత కట్టాలి, అందుకు ఎంత రాయి, ఎంత సున్నం, ఎందరు కూలీలు కావాలి అన్నది నిర్ణయించారు. వేలాది కూలీలు పగలే కాక రాత్రులు దీపాల వెలుతురులో కూడ పనిచేశారు. గోడకు సిమెంటు బదులు స్థానికంగా దొరికే సున్నాన్ని, ఇటుకల పొడిని కలిపిన సుర్కీ వాడారు. కావేరి నీటి విషయంలో మద్రాసు ప్రభుత్వంతో వివాదం సాగుతుండడంతో మొదట 80 అడుగుల ఎత్తుకు మాత్రమే అనుమతి లభించింది. అయినా పునాదిని పూర్తి ఎత్తుకు సరిపోయేటట్లుగానే వేశారు. 1924లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1930ల ఆరంభంలో ఆనకట్ట పూర్తయింది.

దివాను పదవి, కొత్త పరిశ్రమలు

1912 నవంబరులో మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు ఇతనిని దివానుగా నియమించాడు. అంతకు ముందే, 1911లో, ఇతని ప్రోద్బలంతో మైసూరు ఆర్థిక సమావేశం ఏర్పడింది. వ్యవసాయం, విద్య, పరిశ్రమలు-వాణిజ్యం అనే మూడు విభాగాలలో సంఘాలు ఏర్పరచి, సంస్థానంలో ఏ వస్తువు ఎంత ఉత్పత్తి అవుతున్నదో, ఏది పెంచవచ్చునో విచారించే పనిని వాటికి అప్పగించారు. ఇతని హయాంలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి.

మైసూరు అడవులలో లభించే గంధపు చెక్కను పూర్వం జర్మనీకి పంపి, అక్కడ నూనె తీసేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ మార్గం మూసుకుపోయింది. చెక్క గిడ్డంగులలో పేరుకుపోయింది. అప్పుడు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుల సహాయంతో గంధపు నూనె తీసే ప్రయోగాలు జరిపి, 1916లో కర్మాగారం నెలకొల్పారు. ఆ నూనెతో సబ్బు తయారుచేసే పరిశ్రమ కూడ ప్రారంభమై, మైసూరు శాండల్ సబ్బుగా దేశమంతటా ప్రసిద్ధి పొందింది. ముడిసరుకును అమ్ముకోవడం కంటె దానిని పూర్తయిన వస్తువుగా మార్చితే ఎంత విలువ పెరుగుతుందో ఈ పరిశ్రమ నిరూపించింది.

భద్రావతి ఇనుప కర్మాగారం

విశ్వేశ్వరయ్య పారిశ్రామిక జీవితంలో అత్యంత కఠినమైన పరీక్ష భద్రావతి. బాబాబుడన్ కొండలలోని ఇనుప ఖనిజాన్ని వాడి ఇనుము తయారుచేయాలన్న ఆలోచనతో 1918లో మైసూరు ప్రభుత్వం ఈ కర్మాగారాన్ని తలపెట్టింది. 1923 జనవరిలో ఉత్పత్తి మొదలయింది. అప్పటికి యుద్ధకాలపు గిరాకీ పోయి, దుక్క ఇనుము ధర బాగా పడిపోయింది. కర్మాగారం నష్టాలలో కూరుకుపోయింది. దీనిని మూసివేయాలన్న మాట కూడ వినవచ్చింది. దివాను పదవి వదలి నాలుగేళ్ళకు పైగా అయిన విశ్వేశ్వరయ్యను మహారాజు తిరిగి పిలిచి కర్మాగారపు నిర్వాహక మండలికి అధ్యక్షుడిగా నియమించాడు. 1923 నుండి 1929 వరకు ఇతడు ఆ బాధ్యత నిర్వహించాడు.

భద్రావతికి సమీపంలో ఖనిజం ఉన్నా, కొలిమికి తగిన బొగ్గు గనులు లేవు. అందుచేత అక్కడ కట్టెబొగ్గుతోనే ఇనుము కరిగించారు. కట్టెబొగ్గు కొలిమిని నడపడంలోని చిక్కులు తెలిస్తేనే ఇతడు చేసిన పని అర్థమవుతుంది. ఒకసారి వెలిగించిన ఊదు కొలిమిని ఇష్టం వచ్చినప్పుడు ఆర్పడం, వెలిగించడం కుదరదు. అది రాత్రింబవళ్ళు మండుతూనే ఉండాలి. దానికి ఖనిజం, కట్టెబొగ్గు, సున్నపురాయి తగిన పాళ్ళలో ఎడతెగక అందుతూ ఉండాలి. కట్టెబొగ్గు రాతిబొగ్గు వలె గట్టిది కాదు. ఎత్తి దించినకొద్దీ చితికి పొడి అవుతుంది, వాననీటిలో తడుస్తుంది. కాబట్టి దానిని ఎక్కువగా నిల్వ ఉంచడం నష్టం, తక్కువగా ఉంచడం ప్రమాదం. కట్టెను ముందే నరికి ఆరబెట్టాలి. మలెనాడు అడవులలో వానాకాలపు రవాణా కష్టం కనుక ఆ నెలలకు కావలసినది వేసవిలోనే సమకూర్చుకోవాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె ఆలస్యమైనా కొలిమి దెబ్బతింటుంది. కర్మాగారపు పొయ్యి వద్ద జరిగే పని అడవిలో నెలల ముందు జరిగిన పనిపై ఆధారపడి ఉంటుంది.

విశ్వేశ్వరయ్య ఉత్పత్తి వ్యయాన్ని పద్దుల వారీగా విడదీసి పరిశీలించి, అనవసరపు ఖర్చును తగ్గించాడు. అధిక వేతనాలు పొందుతున్న విదేశీ నిపుణుల స్థానంలో క్రమక్రమంగా భారతీయులకు శిక్షణ ఇచ్చి నియమించాడు. కట్టెను బొగ్గుగా మార్చేటప్పుడు వెలువడే ఆవిరి నుండి కట్టె సారాయి (మిథైల్ ఆల్కహాలు), తారు వంటి ఉపోత్పత్తులను తీసే విభాగం కూడ అక్కడ ఉండేది. ధరలు అనుకూలించని ఆ రోజులలో కర్మాగారం మూతపడకుండా నిలిచింది. 1930లలో అక్కడ ఉక్కు, సిమెంటు తయారీ కూడ మొదలయినవి. ఇక్కడి సేవకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని ఇతడు బెంగుళూరులో వృత్తివిద్యా సంస్థ స్థాపనకు ఇచ్చివేశాడు. కాలక్రమంలో కర్మాగారానికి ఇతని పేరే పెట్టారు. 1998లో అది భారత ఉక్కు ప్రాధికార సంస్థలో విలీనమయింది. భద్రావతి అనుభవం వెంట తెచ్చుకొని ఇతడు 1927 నుండి 1955 వరకు టాటా ఉక్కు కంపెనీ డైరెక్టర్ల మండలిలో సభ్యుడుగా ఉన్నాడు.

ఆర్థిక విచారణ సంఘం, 1925

కర్మాగారంలో సరుకు లెక్క తెలియకుండా పని సాగనట్లే దేశంలో ఉత్పత్తి లెక్క తెలియకుండా ప్రణాళిక సాగదని విశ్వేశ్వరయ్య గ్రహించాడు. 1925లో భారత ప్రభుత్వం నియమించిన ఆర్థిక విచారణ సంఘానికి ఇతడు అధ్యక్షుడు. దేశంలోని గణాంకాలు చెల్లాచెదరుగా ఉన్నాయని, వ్యవసాయ, పారిశ్రామిక ఉత్పత్తిపై క్రమం తప్పని గణన జరగాలని, అందుకు చట్టబద్ధమైన ఏర్పాటు ఉండాలని సంఘం సూచించింది. ప్రభుత్వం ఈ సూచనలను వెంటనే అమలు చేయలేదు. భారతదేశపు గణాంక వ్యవస్థ చరిత్రలో ఈ నివేదికకు ప్రత్యేక స్థానం ఉంది.

ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ

1920లో భారత పునర్నిర్మాణంపై ఒక గ్రంథం ప్రచురించిన విశ్వేశ్వరయ్య, 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ అనే అంశంపై ఆంగ్లంలో మరొక గ్రంథం వెలువరించాడు. పదేళ్ళలో దేశపు ఆదాయాన్ని రెట్టింపు చేయడం, వ్యవసాయంపై ఆధారపడిన జనంలో కొంత భాగాన్ని పరిశ్రమలలోకి మళ్ళించడం ఇందులోని లక్ష్యాలు. సోవియట్ రష్యాలో మొదటి పంచవర్ష ప్రణాళిక 1928లోనే మొదలయింది. విశ్వేశ్వరయ్య ప్రణాళిక దాని వలె ప్రభుత్వమే సర్వస్వంగా భావించలేదు. ప్రైవేటు పరిశ్రమలు ఉంటూనే, ప్రభుత్వం లక్ష్యాలను నిర్ణయించి, బ్యాంకు రుణాలు, సుంకాల రక్షణ, సాంకేతిక విద్య సమకూర్చాలన్నది ఇతని అభిప్రాయం.

1938లో కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోసు చొరవతో, జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు సభ్యులలో విశ్వేశ్వరయ్య పేరు కూడ ఉన్నది. 1941లో ఇతని నాయకత్వంలో అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థ ఏర్పడింది. 1944లో కొందరు పారిశ్రామికవేత్తలు బొంబాయి ప్రణాళికను ప్రకటించారు. స్వాతంత్ర్యానంతరం 1950లో ప్రణాళికా సంఘం ఏర్పడి, 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలయింది. 2015లో ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది.

మోటారు కార్ల కర్మాగార ప్రయత్నం

కాగితంపై ఎంత చక్కని ప్రణాళిక ఉన్నా, దానిని అమలు జరిపే అధికారం లేకపోతే ఏమవుతుందో ఈ ప్రయత్నం తెలియజేస్తుంది. 1935లో విశ్వేశ్వరయ్య ఐరోపా, అమెరికా దేశాలలోని మోటారు కర్మాగారాలను చూసివచ్చి, బొంబాయిలో కార్ల తయారీకి పథకం సిద్ధం చేశాడు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ఇందులో ఆసక్తి చూపాడు. బొంబాయి రాష్ట్రంలోని కాంగ్రెసు ప్రభుత్వం సహాయానికి సుముఖత తెలిపినా, బ్రిటిషు ఇండియా ప్రభుత్వం అవసరమైన ప్రోత్సాహం ఇవ్వలేదు. పిదప మైసూరులో నెలకొల్పాలన్న ప్రయత్నం కూడ ఫలించలేదు. చివరకు 1944లో వాల్‌చంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించాడు. అప్పటికి విశ్వేశ్వరయ్య పథకం వేసి ఎనిమిదేళ్ళు దాటింది.

ఉత్పత్తి ప్రణాళికా శాస్త్రంతో పోలిక

కర్మాగారంలో ఏ యంత్రంపై ఏ పని ఎప్పుడు జరగాలో నిర్ణయించే శాస్త్రం అమెరికాలో విశ్వేశ్వరయ్య సమకాలికుల చేతిలోనే రూపుదిద్దుకొన్నది. ఫ్రెడరిక్ టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను ప్రకటించాడు. అతని సహచరుడు హెన్రీ గాంట్ జన్మించినది కూడ 1861లోనే. ప్రతి పనిని అది మొదలయ్యే రోజు నుండి ముగిసే రోజు వరకు గీతగా చూపే గాంట్ పట్టిక నేటికీ కర్మాగారాలలోను, భవన నిర్మాణంలోను వాడుకలో ఉంది. 1954లో ఎస్. ఎం. జాన్సన్ రెండు యంత్రాల మీదుగా వరుసగా పోవలసిన పనులకు గణిత సూత్రం కనుగొన్నాడు. అన్ని పనుల కాలాలలో అతి చిన్నదానిని గుర్తించాలి. అది మొదటి యంత్రానికి చెందినదైతే ఆ పనిని వరుసలో ముందు, రెండవ యంత్రానికి చెందినదైతే చివర ఉంచాలి. మిగిలిన పనులకు ఇదే విధంగా చేస్తూ పోతే మొత్తం పని అతి తక్కువ కాలంలో ముగుస్తుంది.

విశ్వేశ్వరయ్య ఇటువంటి గణిత సూత్రాలను రూపొందించిన పరిశోధకుడు కాడు. కాని ఆ సూత్రాలు పరిష్కరించే సమస్యలనే ఇతడు తన వృత్తిలో ఎదుర్కొన్నాడు. కాలువను ఒక యంత్రంగా, పొలాలను దాని వద్ద వేచి ఉన్న పనులుగా భావిస్తే బ్లాకు పద్ధతి పనుల వరుసను నిర్ణయించే పద్ధతే. గడువు నుండి వెనుకకు లెక్కించడం కన్నంబాడిలో కనిపిస్తుంది. నిల్వ ఎంత ఉండాలన్న ప్రశ్న భద్రావతి కట్టెబొగ్గులో కనిపిస్తుంది.

భారతదేశంలో ఈ శాస్త్రానికి సంస్థాగత రూపం స్వాతంత్ర్యానంతరం వచ్చింది. 1949లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలలో ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం ఏర్పడింది. 1957లో భారత ఆపరేషనల్ రీసెర్చ్ సంఘం, 1963లో బొంబాయిలో జాతీయ పారిశ్రామిక ఇంజనీరింగు శిక్షణ సంస్థ ఏర్పడ్డాయి. ఈ చివరి సంస్థ 2023లో భారతీయ నిర్వహణ సంస్థ, ముంబైగా మారింది.

విమర్శలు

విశ్వేశ్వరయ్య కార్యక్రమాలు విమర్శలకు అతీతం కావు. మైసూరు ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణేతరులకు తగిన స్థానం కల్పించే విషయమై 1918లో మహారాజు మిల్లర్ సంఘాన్ని నియమించాడు. ఉద్యోగాలకు ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని భావించిన విశ్వేశ్వరయ్య ఈ విషయంలో విభేదించి దివాను పదవి నుండి తప్పుకొన్నాడు. చదువుకొనే అవకాశమే సమానంగా లేని సమాజంలో ప్రతిభను మాత్రమే కొలవడం న్యాయం కాదని బ్రాహ్మణేతర నాయకులు వాదించారు. వనరుల లెక్కలో నిపుణుడైన ఇతడు సామాజిక అసమానతను ఆ లెక్కలోకి తీసుకోలేదన్న విమర్శ నేటికీ ఉంది.

కృష్ణరాజసాగర్ జలాశయం కింద అనేక గ్రామాలు మునిగిపోయి, ప్రజలు ఇల్లూ పొలమూ వదలి పోవలసివచ్చింది. భద్రావతి కొలిమికి విస్తారంగా అడవులు నరికారు. భారీ పరిశ్రమలపై ఇతనికున్న విశ్వాసం గ్రామీణ పరిశ్రమలను కోరిన గాంధీజీ ఆలోచనకు భిన్నమైనది. 1934 నాటి ప్రణాళికకు కావలసిన పెట్టుబడి వలస పాలనలో ఎలా సమకూరుతుందన్న ప్రశ్న కూడ వచ్చింది. బ్లాకు పద్ధతి విజయవంతం కావడానికి రైతుల సమ్మతి కారణమయింది. మోటారు కర్మాగారం ఆగిపోవడానికి పాలకుల అసమ్మతి కారణమయింది. లెక్క ఎంత సరిగా ఉన్నా, దానిని అమలు జరిపేవారి అంగీకారం లేనిదే పని సాగదని ఇతని జీవితమే తెలుపుతున్నది.

చివరి సంవత్సరాలు, గౌరవాలు

1951లో విశ్వేశ్వరయ్య తన వృత్తి జీవిత జ్ఞాపకాలను ఆంగ్లంలో ప్రచురించాడు. తొంభై ఏళ్ళు దాటిన తరువాత కూడ, బీహారులో మొకామా వద్ద గంగానదిపై వంతెనకు స్థలాన్ని నిర్ణయించే పనిలో పాలుపంచుకొన్నాడు. బ్రిటిషు ప్రభుత్వం 1911లో సి.ఐ.ఇ., 1915లో కె.సి.ఐ.ఇ. బిరుదులు ఇచ్చింది. 1923లో లక్నోలో జరిగిన భారత వైజ్ఞానిక మహాసభలకు అధ్యక్షత వహించాడు. 1955లో భారత ప్రభుత్వం ఇతనికి, జవహర్‌లాల్ నెహ్రూకు, భగవాన్ దాస్‌కు భారతరత్న పురస్కారం ప్రదానం చేసింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో మరణించాడు. అంత్యక్రియలు స్వగ్రామమైన ముద్దెనహళ్ళిలో జరిగాయి.

ఇతని జన్మదినమైన సెప్టెంబరు 15ను భారతదేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిదప, నిజాం కాలపు సుప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జూలై 11ను ఆ రాష్ట్రంలో ఇంజనీర్ల దినోత్సవంగా పాటించడం మొదలుపెట్టారు. బెంగుళూరులోని పారిశ్రామిక, సాంకేతిక ప్రదర్శనశాల, బెళగావిలో 1998లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం, నాగపూరులోని జాతీయ సాంకేతిక సంస్థ ఇతని పేరు మీద ఉన్నాయి. హైదరాబాదు ఖైరతాబాదులోని ఇంజనీర్ల సంస్థ భవనానికి విశ్వేశ్వరయ్య భవన్ అని పేరు.